కాగితం పట్టేంత సందు

కళ్లజోళ్ల దుకాణం నడిపేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. ఏ మర కనబడినా ఇంకాస్త బిగించాలనిపిస్తుంది. కటకం ఊడి పడితే దుకాణం పరువు పోతుంది కాబట్టి, చిన్న స్క్రూడ్రైవరు చేతికొస్తే చాలు, వేళ్లు వాటంతటవే చివరి చుట్టు తిప్పేస్తాయి. అతనికి ఆ జబ్బు బాగా ముదిరింది. ఇంట్లో గడియలు, గిన్నెల పిడులు, కుర్చీ కాళ్లు అన్నీ అతని చేతి బిగువు ఎరిగినవే. అతను మూతపెట్టిన సీసా తీయాలంటే మళ్లీ అతన్నే పిలవాల్సి వస్తోందని వాళ్లమ్మ విసుక్కునేది. ఆ విసుగును అతను మెప్పు కింద జమ వేసుకునేవాడు.

ఆ శనివారం మధ్యాహ్నం పిన్ని ఇంటి డాబా మీద కూర్చుని అతను బిగించింది కళ్లజోడు కాదు, పిన్ని సొంత చేతులతో అరగదీసిన అద్దం. చిన్న పళ్లెమంత గుండ్రటి గాజు, బొటనవేలంత మందం, ముఖాన తళతళలాడే పూత. పిన్ని అంటే అతని అమ్మకు చెల్లెలు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. రిటైరయినవాళ్లు మొక్కలు పెంచుకుంటారు, లేదంటే ఇరుగుపొరుగు మీద పెత్తనం చేస్తారు. ఈవిడ వెనక గదిలో ఖాళీ డ్రమ్ము నిలబెట్టి, దాని మీద ఒక గాజు బిళ్ల, ఆ పైన ఇంకొకటి పెట్టి, మధ్యలో గరుకు పొడీ నీళ్లూ వేసి, డ్రమ్ము చుట్టూ తిరుగుతూ నెలల తరబడి రుద్దింది. కింద వాటాలో ఉండే టైలరు ఆ గరగర విని మొదట్లో ఎలుకలనుకున్నాడు. సంగతి తెలిశాక, టీచరుగారు ఆకాశానికి అద్దం తయారుచేస్తున్నారని బట్టలివ్వడానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

పిన్ని తయారుచేస్తున్నది టెలిస్కోపు. ఆవిడకు కావలసింది చంద్రుడు, గ్రహాలు. అంతకు మించి ఆవిడకు ఆశ లేదు. అందుకే అద్దానికి లోతు బాగా తక్కువగా, గొట్టం బాగా పొడవుగా ఉండేలా లెక్క వేసుకుంది. కాంక్రీటు స్తంభాలు పోయడానికి వాడే అట్టగొట్టం తెప్పించి లోపలంతా నల్లరంగు పూసింది. నిలబెడితే అది అతని కన్నా ఎత్తు. దాన్ని మోయడానికి ఒక చెక్క తొట్టి, తొట్టి కింద తిరిగే పీట, పీట మీద పాత గ్రామఫోను రికార్డు, దాని మీద జారడానికి మూడు నున్నటి ప్లాస్టిక్ ముక్కలు. వేలితో తోస్తే గొట్టం ఎటు కావాలంటే అటు మెత్తగా తిరిగి, వదిలిన చోట ఆగిపోతుంది. టైలరు దాన్ని చూసి ఫిరంగి అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

పిన్ని ఆ మధ్యాహ్నమంతా కుర్చీలు మోస్తూ, నేల ఊడుస్తూ, మెట్లపీటకు అడుగున గుడ్డముక్కలు అంటిస్తూ తిరిగింది. అద్దాన్ని గూట్లో కూర్చోబెట్టే పని మాత్రం అతనికి అప్పగించింది. గాజు సంగతి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసురా అంది. ఆ మాట అతనికి తీయగా తగిలింది. గుండ్రటి చెక్క పళ్లెంలో అద్దం పెట్టి, అంచున ఉన్న మూడు ఇత్తడి పట్టీలను ఒక్కొక్కటే దాని ముఖం మీదికి తిప్పి, మరలు బిగించాడు. వేలితో కదిపి చూశాడు. ఇసుమంత కదిలినట్టనిపించింది. మూడింటినీ చివరి చుట్టు దాకా తిప్పాడు. ఇక భూకంపమొచ్చినా కదలదని పైకే అన్నాడు. పళ్లేన్ని గొట్టం అడుగున అమర్చి, పైన ఏటవాలుగా నిలబడే చిన్న అద్దాన్ని అటూ ఇటూ సర్దాడు. పక్కనుండే చిన్న గురిగొట్టాన్ని దూరంగా కనిపించే నీళ్లట్యాంకు కొసకు సరిపెట్టాడు. అన్నీ సవ్యంగా కుదిరాయి. పిన్ని వంగి గొట్టంలోకి చూసి, తన ముఖం తనకు ఎక్కడో లోతున కనిపించిందని నవ్వింది.

సాయంత్రం వెలుగు తగ్గేసరికి పిలిచినవాళ్లంతా వచ్చారు. టైలరూ అతని భార్యా వచ్చారు. పిన్ని పనిచేసిన బడికి పెద్ద టీచరుగా ఉండి ఆవిడ కంటే ముందు రిటైరయిన పెద్దావిడ చేతికర్రతో మెట్లెక్కి వచ్చింది. అతని అమ్మ వచ్చింది. పడమట సన్నటి చంద్రుడు దిగుతున్నాడు. అతనే గొట్టం పక్కన నిలబడి గురిచూసి, ఒక్కొక్కరినీ పిలిచి చూపించాడు. చంద్రుణ్ని చూసి అందరూ ముచ్చటపడ్డారు. పెనం మీద పిండి పొంగినట్టు గుంటలున్నాయని టైలరు అన్నాడు. టైలరు భార్య ఐపీసు దగ్గర కన్ను పెట్టి ఎంతకూ లేవకపోతే మొగుడే చెయ్యి పట్టి లాగాడు. అతనికి మాత్రం గుంటల అంచులు కాస్త మెత్తగా, రెండేసిగా ఉన్నట్టు తోచింది. ఆ మాట అప్పటికి పైకి అనలేదు.

తర్వాత గురుగ్రహం. పిన్ని నెలలుగా ఎదురుచూసింది దాని కోసమే. దాని నడుమున చారలుంటాయని, పక్కన నాలుగు చిన్న చంద్రుళ్లు వరుసగా ఉంటాయని అందరికీ ముందే చెప్పిపెట్టింది. అతను గొట్టాన్ని పైకెత్తి గురిపెట్టాడు. పెద్ద టీచరుగారిని మర్యాద కోసం ముందు చూడమన్నారు. ఆవిడ మెట్లపీట ఎక్కి చూసి, ఏమీ బాగాలేదే, మూడు మూలలుగా పిండిముద్దలా ఉందే అంది. పిన్ని తొందరపడి, గొట్టం ఇంకా పగటి వేడి మీద ఉందనీ చల్లబడితే నిలకడ వస్తుందనీ చెప్పింది. అందరూ కుర్చీల్లో కూర్చుని టీ తాగారు. మళ్లీ చూశారు. పిండిముద్ద పిండిముద్దలాగే ఉంది. పక్కనున్న చుక్కలకు కూడా మూడేసి తోకలు మొలిచాయి.

పిన్ని అతని వైపు చూసింది. అందరూ అతని వైపే చూశారు. అతను కన్నుపెట్టి, ఐపీసు లోపలికీ బయటికీ జరిపి, తీరిగ్గా చూసి లేచాడు.

"అద్దంలోనే ఉంది పిన్నీ. దీనికి సిలిండరు వచ్చింది, అంటే ఒక పక్కకు వంకర. గాజు ఒక పక్క ఎక్కువ అరిగితే బొమ్మ ఇలాగే సాగుతుంది. కంటికైతే జోడు ఇచ్చి సరిచేస్తాం. దీనికి ఏం చేయగలం?"

"నేను దీపం పెట్టి చూసినప్పుడు అంతా సమంగానే కనిపించిందే," అంది పిన్ని మెల్లగా. వరండా ఆ చివర చిన్న దీపం, ఈ చివర అద్దం పెట్టి, దీపం పక్కన బ్లేడు అంచు జరుపుతూ ఆవిడ ఎన్నో మధ్యాహ్నాలు పరీక్షించింది. ఆ సంగతి అతనికి తెలుసు.

"గదిలో చూడటం వేరు. నేను రోజూ చేసే పని కదా ఇది."

పిన్ని పొడిగా ఉన్న చేతులను తువ్వాలుతో తుడుచుకుంది. వేళ్ల సందులు కూడా తుడుచుకుంది. పోనీలెండి, ఇన్నాళ్లూ పొద్దయినా గడిచింది అని పెద్ద టీచరుగారు ఓదార్చింది. ఆ ఓదార్పుకు పిన్ని ముఖం ఎర్రబడటం అతను చూశాడు. నిజం ఎవరో ఒకరు చెప్పాలి కదా అని వెంటనే సర్దిచెప్పుకున్నాడు. మెట్లు దిగుతుంటే వాళ్లమ్మ, అంతమందిలో అలా అనాల్సింది కాదురా అంది. మొహమాటానికి పోతే వృత్తి సాగుతుందా అన్నాడు అతను.

*

సోమవారం దుకాణానికి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. కొత్త జోడు పెట్టుకున్నప్పటి నుంచీ తల నొప్పెడుతోందనీ, దారి పక్కన స్తంభాలు వంగినట్టు కనిపిస్తున్నాయనీ, పవరు తప్పిచ్చారనీ గొడవ మొదలుపెట్టాడు. అతను కోపం తెచ్చుకోలేదు. చీటీ తీసి పవరు సరిచూశాడు. సరిగ్గానే ఉంది. అప్పుడు బల్ల కింద నుంచి చిన్న దీపంపెట్టె తీశాడు. దానిలో రెండు నల్లగాజు పలకలుంటాయి. వాటి నడుమ కళ్లజోడు పెట్టి చూస్తే, ఫ్రేము కటకాన్ని ఎక్కడ నొక్కుతోందో అక్కడ నల్లటి గాజులో తెల్లటి మచ్చలు వెలుగుతాయి. డ్రైవరును దగ్గరకు పిలిచి చూపించాడు. కటకం అంచున రెండు చోట్ల మచ్చలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి.

"చూశారా, కటకం తప్పు కాదు. ఫ్రేము గట్టిగా పట్టేసింది. నొక్కితే గాజు కూడా వంగుతుందండీ, కంటికి కనబడదు గానీ," అని చెబుతూ మర కొద్దిగా వదులు చేశాడు. మచ్చలు చల్లగా మాయమయ్యాయి. డ్రైవరు జోడు పెట్టుకుని వీధిలోకి చూసి, స్తంభాలు నిలబడ్డాయన్నాడు.

డ్రైవరు వెళ్లిపోయాక కూడా అతను ఆ పెట్టె ముందు నుంచి లేవలేదు. నొక్కితే గాజు కూడా వంగుతుంది. ఆ మాట అతని నోట వచ్చిందే. మూడు మూలలు, చుక్కకు మూడు తోకలు. పళ్లెం అంచున పట్టీలు ఎన్ని? మూడు. వాటిని చివరి చుట్టు దాకా తిప్పిన వేళ్లు ఎవరివి? అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. పిన్ని అద్దానికి ఏ సిలిండరూ రాలేదు. తానే దాని మెడ పట్టుకుని నులిమి, ఊపిరాడటం లేదని అందరి ముందూ దాన్నే తప్పుపట్టాడు.

ఫోను తీశాడు. పిన్ని నంబరు కనిపించగానే పెట్టేశాడు. ఇది ఫోనులో చెప్పే మాట కాదని, ఎదురుగా వెళ్లి చెప్పడమే మర్యాద అని తనకు తాను చెప్పుకున్నాడు. మర్యాద సంగతి అలా ఉంచితే, ఫోనును బల్ల సొరుగులో పెట్టి మూసేశాడు. ఆ సాయంత్రం దుకాణం కట్టేసేటప్పుడు షట్టరు తాళాన్ని కూడా మామూలు కంటే మెల్లగా తిప్పాడు.

*

మంగళవారం సాయంత్రం కాకుండానే పిన్ని ఇంటికి వెళ్లాడు. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు. తప్పు నాది పిన్నీ, పట్టీలు నేనే బిగించేశాను. ఇంతే, రెండు ముక్కలు. తలుపు తట్టేదాకా ఆ ముక్కలు నోట్లోనే ఉన్నాయి.

తలుపు తెరిచిన పిన్ని చేతులు తడిగా ఉన్నాయి. లోపల వెనక గదిలో డ్రమ్ము మళ్లీ నడిమధ్యకు వచ్చింది. దాని మీద తడిగుడ్డ, గుడ్డ మీద అద్దం, పక్కన గరుకు పొడి డబ్బా మూత తీసి ఉంది. పూతంతా పోయినా సరే, మళ్లీ మొదటి నుంచి అరగదీస్తానంది పిన్ని. నీ మాట విన్నాక రెండు రోజులు పక్కన పెట్టేశాను గానీ ఊరుకోలేకపోతున్నాను, ఈ చేతులు ఒకసారి తప్పు చేశాయి, రెండోసారి ఏం చేస్తాయో చూద్దాం అంది. అంటూ వేళ్లు ముడిచి తెరిచింది.

"పట్టీల మరలు తీయడానికే నా ప్రాణం పోయింది. ఎంత గట్టిగా బిగించావురా. పడిపోతుందేమోనని నీకంత భయం."

ఆవిడ మెచ్చుకోలుగానే అంది. కూర్చుకున్న రెండు ముక్కల్లో ఒక్కటీ బయటికి రాలేదు. చిటికెడు పొడి వేసి ఒక్క రుద్దు రుద్దితే అంతా అయిపోతుంది. ఆ సంగతి ఒక్కటే తలలో తిరిగింది. ఆగు పిన్నీ, ఒక్కసారి చూద్దాం, నాకో ఆలోచన వచ్చింది అన్నాడు. ఏం ఆలోచన అని ఆవిడ అడిగింది. చూద్దాం, చూద్దాం అని నీళ్లు నమిలాడు. పిన్ని డబ్బాకు మూతపెట్టి టీ పెట్టడానికి వెళ్లింది.

ఆవిడ వంటగదిలో ఉండగానే అద్దాన్ని పళ్లెంలో పెట్టాడు. దుకాణం చీటీ ఒకటి జేబులోంచి తీసి, అంచు చింపి, ఆ ముక్కను పట్టీకీ గాజుకూ మధ్య పెట్టి మర తిప్పాడు. కాగితం లాగితే తేలిగ్గా జారి వచ్చేదాకా వదులుంచాడు. మూడు పట్టీలకూ అలాగే చేశాడు. పళ్లేన్ని కొద్దిగా ఊపితే లోపల అద్దం కటకటమని చిన్న చప్పుడు చేసింది. ఆ చప్పుడు వినగానే అతని వేళ్లు మర వైపు సాగాయి. రెండో చేత్తో పట్టి ఆపుకున్నాడు. కాగితం ముక్కను నలిపి జేబులో వేసుకున్నాడు. దొంగతనం చేసినవాడు వస్తువు దాచుకుంటాడు, అతను కాగితం దాచుకున్నాడు.

టీ తాగి, పళ్లెం మళ్లీ గొట్టంలో అమర్చి సర్దుకునేసరికి చీకటి పడింది, సగం చంద్రుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నాడు. పిన్ని మెట్లపీట ఎక్కి ఐపీసుకు కన్ను పెట్టింది. ఎడమచేత్తో గొట్టం అంచు పట్టుకుని, చంద్రుడు జరిగిపోతున్నకొద్దీ వేలితో తోసుకుంటూ అలాగే నిలబడింది. చాలాసేపటికి, నీడలు రా, కొండల నీడలు, సూదిమొనల్లా ఉన్నాయి అంది. గురుగ్రహం వైపు తిప్పమంది. అతను తిప్పాడు. రెండు చారలు గీసినట్టున్నాయి, పక్కన నాలుగు చుక్కలు, ఏ చుక్కకూ తోక లేదు.

"ఏం చేశావురా?"

ఇదే సమయం. అడిగింది కూడా. తలుపు బార్లా తెరిచి లోపలికి రమ్మన్నట్టు అడిగింది.

"కొంచెం సర్దాను పిన్నీ," అన్నాడు అతను.

పిన్ని పీట దిగి అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకునే పిట్టగోడ దాకా వెళ్లి, కిందికి వంగి టైలరు దంపతులను పిలిచింది. వాళ్లు పరుగున వచ్చారు. వాళ్ల చుట్టం ఒకాయన కూడా వచ్చాడు. అందరూ చూశారు. మావాడి చెయ్యి పడ్డాక బాగుపడింది, నా వంకర పనిని వాడు సరిచేశాడు అని ఆవిడ పొంగిపోతూ చెప్పింది. కళ్లజోళ్ల డాక్టరుగారి హస్తవాసి మంచిదని టైలరు మెచ్చుకున్నాడు. అతను తల వంచుకుని నవ్వాడు. ఆ నవ్వును అందరూ వినయం అనుకున్నారు. అబద్ధం చెప్పడానికి నోరు కూడా అక్కర్లేకపోవడం చూసి అతనికి భయం వేసింది.

*

తర్వాతి రోజుల్లో ఆ మెప్పు అతన్ని ఊరంతా వెంటాడింది. వాళ్లమ్మ ఎవరికి చెప్పాలో వాళ్లందరికీ చెప్పేసింది. దుకాణానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు, టెలిస్కోపు బాగుచేశారటగా అని అడిగారు. అవునూ కాదూ అనకుండా వాళ్ల కళ్లు పరీక్షించాడు. అద్దంలో తన ముఖం కనిపించినప్పుడల్లా వేరే వైపు చూశాడు. కళ్లజోళ్ల దుకాణంలో ముఖం కనిపించని గోడ ఎక్కడుంటుంది? నాలుగు వైపులా అద్దాలే.

గురువారం టైలరు తన జోడు తెచ్చాడు. పక్కనుండే కాడ వదులై ముక్కు మీదికి జారుతోందట. అతను మర తిప్పుతుంటే టైలరు బల్లకు ఆనుకుని కబుర్లు మొదలుపెట్టాడు. తన భార్యకు కూడా అలాంటి అద్దం ఒకటి అరగదీయాలని ఎప్పటి నుంచో కోరిక, టీచరుగారు నేర్పిస్తానని మాటిచ్చారు, గాజు బిళ్లలు కూడా తెప్పించి పెట్టుకున్నాం అన్నాడు. మరి మొదలుపెట్టారా అని అతను అడిగాడు.

"ఎక్కడ మొదలుపెట్టడం? నిన్న వెళ్లి అడిగితే టీచరుగారు నా వల్ల కాదమ్మా అనేశారట. నా చేతికి తప్పు తెలియడం లేదు, దీపం పెట్టి చూసినా నా కంటికి తెలియలేదు, అలాంటిదాన్ని నీకేం నేర్పిస్తాను, మావాణ్ని అడుగు అన్నారట. మా ఆవిడకు ఒకటే దిగులు. డ్రమ్ము కూడా నీళ్లకు వాడుకోమని మాకే ఇచ్చేశారు."

స్క్రూడ్రైవరు మొన జారి బల్ల మీద గీత పడింది. టైలరు ఉలిక్కిపడి, పర్లేదు నెమ్మదిగా చేయండి అన్నాడు. అద్దం దక్కింది కదా, ఇక చెప్పకపోయినా నష్టం లేదని అతను అప్పటిదాకా తనను తాను జోకొట్టుకుంటూ వచ్చాడు. దక్కింది గాజు. నలభై ఏళ్లు నల్లబల్ల మీద తప్పులు పట్టిన మనిషి తన కంటినే నమ్మడం మానేసింది. దీపం ముందు ఆవిడ చూసింది నిజం. ఆ నిజాన్ని తాను రోజూ చేసే పని పేరు చెప్పి ఆవిడ చేతుల్లోంచి లాక్కున్నాడు. తిరిగి ఇవ్వాల్సింది అది. టైలరుకు జోడు ఇచ్చి పంపేశాక అతను చాలాసేపు తలుపు వెనక స్టూలు మీద కూర్చున్నాడు.

*

శనివారం సాయంత్రం పిన్ని మళ్లీ అందరినీ పిలిచింది. ఈసారి పెద్ద టీచరుగారికి గురుగ్రహం చూపించి తీరాలని ఆవిడ పట్టుదల. కుర్చీలు అవే, మనుషులూ వాళ్లే. చంద్రుడు నిండుకు దగ్గరగా ఉన్నాడు. పెద్ద టీచరుగారు పీట ఎక్కి చూసి, ఔరా అంది. చారలు లెక్కపెట్టింది. దిగి అతని వైపు తిరిగి, ఎంతైనా తెలిసినవాళ్ల చెయ్యి వేరు అంది. పిన్ని అవునంటూ తలూపింది. ఆ తలూపు చూశాక అతను ఇక నిలబడలేకపోయాడు.

"పిన్నీ, అద్దానికి ఎప్పుడూ ఏ లోపమూ లేదు. ఆ రోజు పట్టీలు నేనే బిగించేశాను. గాజు వంగి బొమ్మ చెడింది. మంగళవారం నేను చేసింది వాటిని వదులు చేయడమే. అంతకు మించి ఏమీ చేయలేదు."

అతని అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. పిన్ని అతన్నే చూస్తూ నిలబడింది. కోప్పడుతుందనుకున్నాడు. పోనీలేరా అంటుందేమోనని లోలోపల ఆశ కూడా పడ్డాడు. ఆవిడ రెండూ చేయలేదు.

"ఎంత వదులు చేశావు?"

"కాగితం పట్టేంత."

"మాటతో ఎవరూ నమ్మరు. చేసి చూపించు," అంది పిన్ని. తరగతిలో పిల్లవాణ్ని నల్లబల్ల దగ్గరికి పిలిచినట్టు పిలిచింది. బల్ల తెచ్చి దీపం కింద వేయించింది. గొట్టాన్ని రెండు దిండ్ల మీద పడుకోబెట్టి అడుగున ఉన్న పళ్లెం తీయించింది. అందరినీ దగ్గరగా రమ్మంది. స్క్రూడ్రైవరు అతని చేతిలో పెట్టింది.

"ఆ రోజు లాగే బిగించు. తగ్గించకు."

అతను బిగించాడు. ఇన్నేళ్లలో ఎన్ని వేల మరలు తిప్పాడో, ఏ మరా అంత బరువుగా తిరగలేదు. అందరి తలలూ బల్ల మీదికి వంగి ఉన్నాయి. మూడో పట్టీ దగ్గర కాస్త ముందే ఆపాడు. పిన్ని వేలితో అద్దాన్ని కదిపి చూసి, ఇంకా ఉంది అంది. చివరి చుట్టు తిప్పాడు. గొట్టం మళ్లీ నిలబెట్టి, గురి సరిపెట్టి, ఒక్కొక్కరినీ ఆవిడే చూడమంది. టైలరు చూశాడు. టైలరు భార్య చూసింది. అతని అమ్మ చూసి పక్కకు వచ్చేసింది. పెద్ద టీచరుగారు పీట ఎక్కి, ఇదేమిటి, మళ్లీ మూడు మూలల పిండిముద్ద అయిందే అంది. ఆ మాట ఆవిడ నోటితో ఆవిడే అన్నాక, పిన్ని ముఖంలో వారం రోజులుగా బిగుసుకున్నదేదో సడలింది.

మళ్లీ గొట్టం దించారు. అతను స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాపాడు. పిన్ని ఇవ్వలేదు. నువ్వు దీపం పట్టుకో అంది. అతను దీపం పట్టుకున్నాడు. ఆవిడ జేబురుమాలుతో వేళ్లు తుడుచుకుని, కాగితం ముక్క ఒకటి చింపి, టైలరు భార్యను పక్కన నిలబెట్టుకుని, పట్టీ కింద కాగితం పెట్టి మర తిప్పుతూ, ఇదిగో ఇలా జారాలి, ఇంతకన్నా వద్దు అని చూపించింది. రెండో పట్టీ ఆ అమ్మాయి చేత చేయించింది. తల ఎత్తకుండానే, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా అతనితో అంది:

"అద్దం చెడిందని తెలియక అన్నావు. దానికి నాకు పెద్ద బాధ లేదురా. బాగయ్యాక తెలిసి ఊరుకున్నావు చూడు. నేను నీ చెయ్యి పట్టుకుని అందరికీ చూపిస్తుంటే ఊరుకున్నావు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. దీపం వెలుగు అద్దం మీద వణికింది.

"కదపకు. మర కనబడటం లేదు," అంది పిన్ని.

అతను రెండు చేతులతో దీపాన్ని పట్టుకున్నాడు. మూడో పట్టీ అయిపోయింది. పిన్ని పళ్లెం ఊపి చూసింది. లోపల అద్దం కటకటమంది. ఆ చప్పుడు విని టైలరు భార్య నవ్వింది. డ్రమ్ములో నీళ్లు పారబోసి రేపు పొద్దున్నే పైకి పట్టించుకు రా, పాత బట్టలు కట్టుకుని రా, చేతులు పాడవుతాయి అని పిన్ని ఆవిడతో చెప్పింది. నీళ్ల డ్రమ్ము పోతే తన స్నానం సంగతేమిటని టైలరు అడిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

గొట్టం పైకి లేచింది. అందరూ మళ్లీ చూశారు. ఈసారి గొట్టం పక్కన నిలబడి, గ్రహం జరిగిపోయినప్పుడల్లా వేలితో తోసి నడుమకు తెచ్చి ఇస్తున్నది పిన్నే. అతను పిట్టగోడ దగ్గర, ఆరిపోయిన దీపం చేతిలో పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. అందరి వంతూ అయిపోయాక, నువ్వు చూడవా అని ఆవిడ పిలిచింది.

అతను వెళ్లి కన్ను పెట్టాడు. తడి కంటికి మొదట ఏమీ తెలియలేదు. రెప్ప కొట్టి చూశాడు. రెండు చారలు, పక్కన నాలుగు చుక్కలు, అన్నీ ఎక్కడివక్కడ కచ్చితంగా ఉన్నాయి. పిన్ని చేతులు చేసిన అద్దంలో అవి నిశ్చలంగా ఉండి, మెల్లగా అంచు వైపు జరగడం మొదలుపెట్టాయి. తోసుకోవాలి. అతని చెయ్యి లేచి, గొట్టాన్ని తాకడానికి ధైర్యం చాలక ఆగిపోయింది. సగం గ్రహం అంచు దాటింది. అప్పుడు పక్క నుంచి ఒక వేలు గొట్టాన్ని తోసింది. గ్రహం మెత్తగా వెనక్కి వచ్చి నడుమ నిలబడింది. అతను కన్ను తీయలేదు. తీస్తే పిన్ని ముఖం చూడాలి.